బూజు పట్టిన గింజ ఎవరి పళ్ళెములోనికి?

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో గిల్గాలులో జరిగిన ఒక భోజనము సంగతి ఉన్నది. దేశములో కరవు. ఎలీషా ప్రవక్త తన శిష్యుల కొరకు పెద్ద కుండలో వంట పెట్టించాడు. ఒకడు కూరాకులు ఏరుటకు పొలమునకు పోయి, తనకు తెలియని తీగనుండి కాయలు ఒడినిండ కోసుకొని వచ్చి, తరిగి కుండలో వేశాడు. నోట పెట్టుకొన్న తరువాత గాని అది ప్రాణము తీసే వంటకమని వారికి తెలియలేదు.

ఈ భాగము మీద మనము అనేక ప్రసంగములు విన్నాము. ఎలీషా వేసిన పిండిని గూర్చి, జరిగిన అద్భుతమును గూర్చి చెప్పుకొంటాము. కాని రెండు చిన్న సంగతులు మన కళ్ళకు ఆనవు. ఆ కాయలు కోయించినది ఆకలి. కడుపు నిండినవాడు ఆ తీగ జోలికి పోడు. మరొకటి, ఎవరో కేక వేయగానే అందరూ తినుట మానివేశారు. ప్రవక్త ప్రక్కనే ఉన్నాడు గదా, ప్రార్థన చేసికొని మింగుదామని ఒక్కరూ అనలేదు.

అటువంటి కుండలు మన దేశములో, మన తరములోనే పొయ్యిమీదికెక్కాయి. అక్కడ కేక వేసేవారు మాత్రము లేరు.

1974 చివరి నెలలలో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామములలో ఒక జబ్బు వ్యాపించింది. చూడబోతే పచ్చకామెర్లు. కాని పొట్టలో నీరు చేరి ఉబ్బుట, కాళ్ళు వాచుట, మనిషి వారాలలోనే పడిపోవుట మామూలు కామెర్లలో కనబడేవి కావు. ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు మంచమెక్కేవారు. ఆ ఇండ్లలో మిగిలిన రొట్టె తినే కుక్కలకు కూడ అదే జబ్బు పట్టింది. కామెర్లు కుక్కకూ మనిషికీ కలిసి వచ్చాయంటే ఇద్దరూ తిన్నదేదో వెదకాలి గదా.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, రమేశ్ భట్ మొదలైనవారు ఈ జబ్బును పరిశోధించి, 1975లో తమ ఫలితములను ప్రకటించారు. ఆ పల్లెలలో ముఖ్య ఆహారము మొక్కజొన్న రొట్టె. కోతకు ముందు అకాల వర్షాలు పడి కంకులు తడిసినవి. సరిగా ఆరని గింజలనే ఇండ్లలో నిలువ చేసికొన్నారు. వాటికి బూజు పట్టింది. పారవేయవచ్చు గదా అంటే, పారవేస్తే ఆ పూట తినుటకు మరొకటి లేదు. వారు లెక్కించిన 397 మంది రోగులలో 106 మంది చనిపోయారు. ఆ గింజలలో కిలోకు 6 నుండి 15 మిల్లీగ్రాముల వరకు ఒక విషము దొరికింది. మరుసటి సంవత్సరము అవే ఇండ్ల మొక్కజొన్నను పరీక్షిస్తే ఆ విషము బహు స్వల్పము. జబ్బు కూడ మళ్ళీ రాలేదు.

ఆ విషము పేరు అఫ్లటాక్సిన్. ఇది లోకమునకు తెలిసినది మనుష్యుల వలన కాదు, కోళ్ళ వలన. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయినవి. ఏ క్రిమీ దొరకలేదు. పేరు పెట్టలేక దానిని టర్కీ ఎక్స్ జబ్బు అన్నారు. చివరకు ఆ కోళ్ళకు పెట్టిన దాణాలో బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ పిండి ఉన్నదని, ఆ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు తయారుచేసిన విషము ఉన్నదని బయటపడింది. బూజు పేరులోని అక్షరములతోనే విషమునకు పేరు కట్టారు.

వేరుశనగ అనగానే ఇది మన ఇంటి సంగతి అయినది. సీమలో బుడ్డలంటాము, తెలంగాణలో పల్లీలంటారు. పేరేదైనా అనంతపురం మొదలు పాలమూరు వరకు ఈ పంట మీద బ్రతికే విశ్వాసుల కుటుంబములు ఎన్నో ఉన్నవి. పచ్చడి అదే, పిల్లల చేతిలో బెల్లపు ఉండా అదే, బర్రెకు పెట్టే చెక్కా అదే.

ఈ బూజు ఎక్కడినుండో ఎగిరివచ్చేది కాదు, మన నేలలోనే ఉంటుంది. చెట్టుకు తగినంత తేమ ఉన్నంత కాలము కాయలోని గింజ తనను తాను కాపాడుకొంటుంది. పంట చివరి మూడు నాలుగు వారములలో వాన మొగము చాటేసి నేల వేడెక్కినప్పుడు గింజకు ఆ శక్తి తగ్గుతుంది. చెదలు తొలిచిన కాయ, పగిలిన కాయ, పురుగు రంధ్రము చేసిన కాయ వాకిలి తెరిచిన ఇల్లు వంటిది. కరవు సీమకు ఈ తెగులు ఎందుకు చుట్టమైనదో ఇప్పుడు అర్థమవుతుంది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో దీని మీద ఏండ్ల తరబడి పరిశోధన జరిగినది. గింజలలో విషమును తక్కువ ఖర్చుతో కొలిచే పరీక్షను అక్కడ తయారుచేశారు. ఈ బూజును పూర్తిగా ఎదిరించే వేరుశనగ రకము మాత్రము రైతు చేతికి ఇంకను రాలేదు.

పొలములో తప్పించుకొన్న కాయ కళ్ళములో చిక్కుకొనవచ్చు. పెరికిన చెట్లను పచ్చిగా కుప్ప వేస్తే లోపల ఆవిరి పుట్టి బూజు పెరుగుతుంది. చెట్లను తిరగవేసి, కాయలు పైకి ఎండ తగిలేట్టు పరచాలి. చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనేదాక ఆరాలని మన పెద్దలన్నది సరియైన మాటే. తేమ నూటికి ఎనిమిది వంతులకు మించకూడదని శాస్త్రజ్ఞులు చెప్పేది అదే. ఇంత కష్టపడి ఆరబెట్టి, ఒలిచేటప్పుడు గింజ విరగకుండ కాయల మీద నీళ్ళు చల్లే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. గింజ విరగదు, నిజమే. తడిసిన గింజ సంచిలో ఏమగుచున్నదో మాత్రము ఎవరూ చూడరు.

వేయించితే పోదా అని అడుగుతారు. బూజు చస్తుంది, విషము చావదు. మన మంట దానిని పూర్తిగా విరువలేదు. బూజు కంటికి కనబడని గింజలో కూడ విషము ఉండవచ్చు. మన దేశములో సామాన్యముగా కిలోకు 15 మైక్రోగ్రాములు దాటరాదని నిబంధన. అది ఎంత? పదివేల క్వింటాళ్ళ గింజలలో 15 గ్రాములు, అనగా మూడు చెంచాల ఉప్పంత. బాంస్వాడా పల్లెలు తిన్నది దానికి నాలుగు వందల నుండి వెయ్యి రెట్లు. అంత తింటే కొద్ది వారములలోనే ప్రాణము పోవచ్చును. 2004లో కెన్యాలో మొక్కజొన్న తిని 125 మంది అలాగే పోయారు. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి తింటే కాలేయమునకు క్యాన్సరు రావచ్చును. 1987లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుష్యులకు క్యాన్సరు కలిగించేవాటిలో చేర్చింది. హెపటైటిస్ బి క్రిమి శరీరములో ఉన్నవారికి ఈ అపాయము అనేక రెట్లు. అందుకే బిడ్డ పుట్టిన ఇరవైనాలుగు గంటలలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా వేసే ఆ టీకాను, సూది నొప్పి అని తల్లులు తప్పించరాదు.

ఇక నా మనస్సును కలచేది చెప్తాను. నిండు గింజ బజారుకు పోతుంది. యూరపు దేశములు కిలోకు 4 మైక్రోగ్రాములు మించిన వేరుశనగను నేరుగా తినుటకు ఒప్పుకొనవు. కనుక ఎగుమతికి పోయే సరుకును ఒక్కొక్క గింజ చూచి ఏరుతారు. ఏరిన తరువాత మిగిలినది, ముడుత పడినది, నల్లబడినది, విరిగినది, దానిని మనము తాలు అంటాము. విషములో అధికభాగము ఉండేది ఆ తాలులోనే. ఒక సంచిలో విషమంతా పిడికెడు గింజలలో ఉండవచ్చును. ఆ పిడికెడు ఎక్కడికి పోవుచున్నది? "ఇంట్లోకి చాల్లే" అని అమ్మ చాటలో ప్రక్కకు పెడుతుంది, పచ్చడికి. కూలికి వచ్చినవారికి కొలిచి ఇస్తాము. మిగిలితే గానుగకు, నూనెలోకి కొంత దిగినా ఎక్కువ భాగము చెక్కలోనే నిలుస్తుంది. చెక్క బర్రె తింటుంది, ఆ విషము రూపు మార్చుకొని పాలలోనికి వస్తుంది. కాచినా పోదు. ఆ పాలు త్రాగేది పసిబిడ్డ. మేత మార్చిన కొద్ది దినములలోనే పాలు తేటపడతాయి గనుక ఇది మన చేతిలో ఉన్న సంగతే.

ఆమోసు ప్రవక్త తన గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో బీదలకు తాలు ధాన్యము అమ్మే వర్తకులను గద్దించాడు. వారికి తెలిసి అమ్మారు. మనము తెలియక పెట్టాము. ఇప్పుడు తెలిసినది.

"మరణకరమైనది త్రాగినా హాని కాదని మార్కు సువార్తలో ఉన్నది గదా అయ్యగారూ" అని కొందరు విశ్వాసులు అడుగుతారు. ఆ వాగ్దానము సువార్తకై వెళ్ళి ఆపదలో పడినవారికి ఆదరణ. తాలు గింజలు ఏరుటకు బద్ధకించిన ఇంటికి అది సెలవు చీటీ కాదు. దేవాలయ శిఖరము మీద నిలువబెట్టి సాతాను వాగ్దానమునే చూపించాడు; ప్రభువు దూకలేదు. భోజనమునకు ముందు తప్పక ప్రార్థించండి. చాటలో పోసి చూచిన తరువాత ప్రార్థించండి.

ఏరుటకు యంత్రమేమీ అక్కరలేదు. వెలుతురులో కూర్చొని ముడుత పడినవి, రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు తిన్నవి తీసివేస్తే విషములో చాల భాగము ఇంటినుండి పోయినట్లే. పండుటాకుల వంటి మన అవ్వలకు చూపు ఆనకపోతే పిల్లలను కూర్చోబెట్టండి. చేదుగా తగిలిన గింజను మింగక ఉమ్మివేయుట వారికి నేర్పండి. ఏరి తీసినవి కోళ్ళకు వేయరాదు, కుక్కకు పెట్టరాదు. గొయ్యి తీసి పూడ్చండి. సంచులను నేల మీద గాక బల్ల మీద, గోడకు ఆనకుండ పెట్టండి. పొలములో పూత సమయమున జిప్సము వేస్తే కాయ గట్టిపడుతుంది.

కాయలు పెరికిన తరువాత విధవరాండ్రు, ముసలమ్మలు ఇనుప చువ్వలతో నేల త్రవ్వి పరిగె ఏరుకొనుట మనము ప్రతి ఏట చూస్తాము. రూతును జ్ఞాపకము చేసికొని, ఏరుకోనిచ్చినందుకు మనము సంతోషిస్తాము. కాని నేలలో తెగి నిలిచిపోయిన కాయ చెదలకు, బూజుకు అందరికంటె ముందు దొరికేది. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము మరొకసారి చదవండి. అక్కడ దేవుడు రాలిపోయినది మాత్రమే బీదలకు వదలమనలేదు, పొలము అంచులను కోయక వదలమన్నాడు. అంచున నిలిచిన పంట యజమాని పంట వంటిదే, అదే నేల, అదే గింజ. ఈసారి పెరికేటప్పుడు గట్టు ప్రక్కన రెండు సాళ్ళు నిలిపి, ఆ ముసలమ్మలను ఆ దినమే పిలిచి, చెట్లతోనే పెరుకుకొమ్మని చెప్పండి. ఆరబెట్టుకొనుటకు మీ కళ్ళములో కాస్త చోటు కూడ ఇవ్వండి.