ఏది కొలబద్ద, ఏది లక్ష్యం: మిల్లీమీటరు తరంగ టెలిస్కోపుల మూలాల ఎంపిక

మిల్లీమీటరు తరంగ టెలిస్కోపు గిన్నెలో పడిన ఆకాశ కిరణం రిసీవర్ చివరకు చేరేసరికి ఒక చిన్న విద్యుత్ సంకేతంగా మిగులుతుంది. ఆ సంకేతం ఎంత పెద్దదో యంత్రం చూపగలదు. దాని వెనక ఉన్న వాయుమేఘం ఎంత వేడిగా ఉందో, ఎంత దట్టంగా ఉందో మాత్రం చెప్పలేదు. అది తెలియాలంటే, బలం ముందే తెలిసిన మరో మూలాన్ని అదే యంత్రంతో, అదే గాలి గుండా చూసి పోల్చాలి. కిరాణా కొట్టులో తూనికరాయి చేసే పని ఇక్కడ ఈ రెండో మూలం చేస్తుంది. దాన్ని కాలిబ్రేటర్ అంటారు. తెలుసుకోదలచిన మూలం లక్ష్యం. ఈ రెండింటినీ జతగా ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే, తర్వాత ఎంత గొప్ప కంప్యూటరూ దాన్ని సరిదిద్దలేదు.

మిల్లీమీటరు తరంగాలంటే ఒకటి నుంచి పది మిల్లీమీటర్ల పొడవున్నవి. పౌనఃపున్యంలో చెబితే 30 నుంచి 300 గిగాహెర్ట్జ్. నక్షత్రాలు పుట్టే చల్లని వాయుమేఘాలు ఈ తరంగాల్లోనే బాగా కనిపిస్తాయి. ఆ మేఘాల్లో అత్యధికంగా ఉండే హైడ్రోజన్ అణువులు అంత చలిలో దాదాపు ఏ కిరణమూ వెలువరించవు. వాటితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 2.6 మి.మీ. దగ్గర, స్పష్టంగా పలుకుతుంది. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అమెరికాలోని కిట్ పీక్ టెలిస్కోపుతో ఓరియన్ మేఘంలో ఈ వర్ణపట రేఖను కనుగొన్నారు. మిల్లీమీటరు ఖగోళశాస్త్రం ఊపందుకున్నది అప్పటి నుంచే.

మొదటి అడ్డంకి గాలిలోని తేమ

భూమి మీది నీటి ఆవిరి 183 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆక్సిజన్ 60, 119 గిగాహెర్ట్జ్ దగ్గర ఈ తరంగాలను గట్టిగా మింగేస్తాయి. చిలీలోని అటకామా ఎడారిలో, 5000 మీటర్ల ఎత్తున, ఆల్మా టెలిస్కోపు ఉన్నచోట గాలిలోని ఆవిరినంతా నీరుగా మార్చి పరిస్తే మంచి రోజుల్లో మిల్లీమీటరు మందం ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న పల్నాడు జిల్లా ధరణికోట మీద వానాకాలంలో అదే లెక్క 50 మిల్లీమీటర్లు దాటడం మామూలే. ఇలాంటి టెలిస్కోపులను ఎత్తయిన, పొడి ప్రదేశాల్లో కట్టడానికి కారణం ఇదే.

తేమ ఎంత మింగిందన్నది లక్ష్యం ఆకాశంలో ఎంత ఎత్తున ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. నడినెత్తిన ఉన్న మూలం నుంచి వచ్చే తరంగం ఒక పొర గాలిని దాటితే, దిగంతానికి 30 డిగ్రీల ఎత్తున ఉన్నది రెండు పొరలు దాటాలి. పొడి రాత్రి, నడినెత్తిన పదో వంతు పోయే పరిస్థితిలో, 30 డిగ్రీల దగ్గర 19 శాతం పోతుంది. తేమ రాత్రి, నడినెత్తిన 40 శాతం పోయేచోట, 30 డిగ్రీల దగ్గర 64 శాతం పోతుంది. కాలిబ్రేటర్ నెత్తి మీద, లక్ష్యం దిగంతం దగ్గర ఉంటే వాటిని నేరుగా పోల్చడం చెల్లదు. అందుకే ఆ రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో, దగ్గర దగ్గర సమయాల్లో దొరికేలా చూసుకుంటారు.

ఆకాశం వైపు తిరగకముందే జరిగే కొలత ఒకటుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న, తరంగాలను పూర్తిగా పీల్చుకునే పలకను రిసీవర్ ముందు పెడతారు. తర్వాత ద్రవ నైట్రోజన్‌లో ముంచిన పలకను పెడతారు. మొదటిది 295 కెల్విన్లు, రెండోది 77 కెల్విన్లు అనుకుందాం. మొదటిదానికి వచ్చిన శక్తి రెండోదానికి రెండున్నర రెట్లుంటే, రిసీవర్ సొంత రొద 68 కెల్విన్లని లెక్క తేలుతుంది. ఆ తర్వాత పరిశీలన సాగినంతసేపూ వెచ్చని పలకను మధ్యమధ్య అడ్డుపెట్టి, ఖాళీ ఆకాశంతో పోలుస్తారు. వెచ్చని పలకా గాలీ ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి కనుక గాలి మింగిన భాగానికి దిద్దుబాటు చాలావరకు ఈ పోలికలోనే జరిగిపోతుంది.

బలానికి గ్రహాలు

పలకలు రిసీవర్‌ను, గాలిని సరిచూస్తాయి. గిన్నె ఎంత సమర్థంగా కిరణాలను పోగుచేస్తోందో తెలియాలంటే ఆకాశంలోని మూలమే కావాలి. అందుకు మొదట ఎంచేవి గ్రహాలు. వాటి పరిమాణం, దూరం, ఉష్ణోగ్రత తెలుసు కనుక ఏ రోజు ఎంత బలంగా కనిపించాలో ముందుగానే లెక్కగట్టవచ్చు.

అన్ని గ్రహాలూ అన్ని టెలిస్కోపులకూ పనికిరావు. గ్రహం టెలిస్కోపు చూపు వెడల్పు కంటే చిన్నదిగా ఉండాలి. బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థ నెలకొల్పిన 10.4 మీటర్ల టెలిస్కోపుకు 115 గిగాహెర్ట్జ్ దగ్గర చూపు వెడల్పు సుమారు 60 ఆర్క్ సెకండ్లు. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకండ్. గురువు 30 నుంచి 50 ఆర్క్ సెకండ్ల వెడల్పుంటాడు కాబట్టి అక్కడ ఇముడుతాడు. స్పెయిన్‌లోని 30 మీటర్ల ఐరామ్ టెలిస్కోపు చూపు అదే పౌనఃపున్యం వద్ద 22 ఆర్క్ సెకండ్లే. దానికి గురువు మరీ పెద్దవాడు. మూడున్నర ఆర్క్ సెకండ్ల యురేనస్, అంతకంటే చిన్న నెప్ట్యూన్ నప్పుతాయి. శనికి వలయాలు అడ్డం. అవి మనవైపు ఒరిగే తీరు ఏటేటా మారుతూ లెక్కను చిక్కు పరుస్తుంది.

గ్రహాలు పెద్దవైనచోట ఉపగ్రహాలను, గ్రహశకలాలను వాడతారు. గురుని చుట్టూ తిరిగే కాలిస్టో, గానిమీడ్, శని చుట్టూ తిరిగే టైటన్, గ్రహశకలాల పట్టీ నుంచి సెరెస్, పాలస్, వెస్టా ఆ జాబితాలోవి. టైటన్ వాతావరణంలోనే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉన్నాయి. ఆ అణువుల పౌనఃపున్యాల దగ్గర టైటన్‌ను కొలబద్దగా వాడితే తప్పు లెక్క వస్తుంది. ఏ ఉపగ్రహమైనా తన గ్రహానికి బాగా దూరంగా జరిగినప్పుడే చూడాలి.

గురికి, దశకు క్వేజార్లు

గ్రహాలు రాశిచక్రం దాటి పోవు. మిగతా ఆకాశంలో ఆధారపడాల్సింది క్వేజార్ల మీద. ఇవి సుదూర గెలాక్సీల నడుమ ఉన్న కృష్ణబిలాల చుట్టూ వెలిగే ప్రాంతాలు. దూరం వల్ల చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. చుక్క లాంటి మూలం టెలిస్కోపు గురి సరిచూడటానికి ఎంతో అనువు. గురి తప్పు చూపు వెడల్పులో పదో వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న నియమం.

రేఖల ఆకారాన్ని సరిచేయడానికీ క్వేజార్లే మేలు. వాటి వర్ణపటంలో ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు. క్వేజార్‌ను చూసినప్పుడు ఏ ఎత్తుపల్లం కనిపించినా అది యంత్రానిదేనని తెలుస్తుంది.

అనేక గిన్నెలను కలిపి వాడే ఆల్మా వంటి చోట మరో అవసరం ఉంది. గాలిలోని ఆవిరి తరంగాన్ని మింగడంతో ఊరుకోదు, ఆలస్యం కూడా చేస్తుంది. ఒక మిల్లీమీటరు నీటికి సమానమైన ఆవిరి తరంగ మార్గాన్ని ఆరున్నర మిల్లీమీటర్ల మేర పొడిగిస్తుంది. 1.3 మి.మీ. తరంగానికి అది ఐదు తరంగాల పొడవు. ఒక్కో గిన్నె మీద ఆవిరి ఒక్కోలా ఉంటుంది కనుక తరంగాల పొంతన, అంటే దశ, చెదిరిపోతుంది. దాన్ని సరిచేసే క్వేజార్ లక్ష్యానికి కొద్ది డిగ్రీల లోపే ఉండాలి. లక్ష్యం నుంచి దాని వైపు కొన్ని నిమిషాలకోసారి తిరిగి చూడాలి. ఇక్కడ మూలం బలం కంటే దగ్గరితనం ముఖ్యం.

క్వేజార్లలో ఒక లోపం ఉంది. వాటి వెలుగు వారాల్లో, నెలల్లో మారుతుంది. నిరుటి అంకె ఈ ఏడు పనికిరాదు. అందుకే ఆల్మా కొన్ని పదుల క్వేజార్లను ఎప్పటికప్పుడు గ్రహాలతో పోల్చి కొలుస్తూ ఉంటుంది. పొడవైన రేడియో తరంగాల్లో స్థిరంగా ఉండే మూలాలు లేకపోలేదు. 3సి 286 అలాంటిది. రేడియో మూలాల బలాన్ని జాన్‌స్కీలలో కొలుస్తారు. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర దాని బలం 15 జాన్‌స్కీలు. మూడు మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చేసరికి ఒక జాన్‌స్కీ కంటే తక్కువ. సెంటీమీటరు తరంగాల్లో పేరొందిన కొలబద్దలు మిల్లీమీటర్ల దగ్గర ఇలా నీరసిస్తాయి.

లక్ష్యం అందేదేనా?

లక్ష్యం విషయంలో మొదటి ప్రశ్న అది ఎంత ఎత్తుకు వస్తుందన్నది. ధరణికోట అక్షాంశం సుమారు 16.6 డిగ్రీలు. ఖగోళ మధ్యరేఖకు 13 డిగ్రీల ఉత్తరాన, సింహరాశిలో ఉన్న ఐఆర్‌సి+10216 అనే కార్బన్ నక్షత్రం ఇక్కడి నడినెత్తికి మూడు, నాలుగు డిగ్రీల దూరం నుంచే సాగిపోతుంది. చుట్టూ ఉన్న వాయువులో ఎన్నో అణువుల రేఖలు బలంగా పలకడం వల్ల రేఖల కొలతలు సరిచూసుకోవడానికి దీన్ని లోకమంతటా వాడతారు. మధ్యరేఖకు ఐదు డిగ్రీల దక్షిణాన ఉన్న ఓరియన్ మేఘం 68 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ధనుస్సులోని మన గెలాక్సీ కేంద్రం 44 డిగ్రీలు దాటదు. పైగా అది రాత్రంతా కనిపించేది జూన్, జూలైల్లో, నైరుతి రుతుపవనాల వేళ. ఓరియన్ రాత్రి ఆకాశంలో నిలిచేది గాలి పొడిబారే డిసెంబరు, జనవరిల్లో. దక్షిణాదిన ఈ రెండింటిలో ఏది ముందు ఎంచాలో క్యాలెండరే చెబుతుంది.

తక్కువ అక్షాంశం వల్ల ఒక లాభం ఉంది. తోకచుక్క ఆకారంలో ఉండే చిన్న వాయుమేఘాలు దక్షిణాకాశంలోని గమ్ నీహారికలో గుంపుగా ఉన్నాయి. వాటి కార్బన్ మోనాక్సైడ్ రేఖలను బెంగళూరు 10.4 మీటర్ల టెలిస్కోపుతో కొలిచి, అవి ఎటు ఎంత వేగంతో కదులుతున్నాయో అధ్యయనం చేసి, 1992లో ఫలితాలు ప్రచురించారు. మధ్యరేఖకు 43 డిగ్రీల దక్షిణాన ఉన్న మేఘం బెంగళూరులో 34 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. జపాన్‌లోని నొబెయామాలో 11 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అదే టెలిస్కోపు 86 గిగాహెర్ట్జ్ దగ్గర వృద్ధ నక్షత్రాల సిలికాన్ మోనాక్సైడ్ మేసర్లనూ, అంటే లేజర్ తరహాలో అణువులే తరంగాన్ని పెంచే మూలాలనూ, పరిశీలించింది. మేసర్లు చిన్నవి, ప్రకాశమైనవి కనుక గురి సరిచూడటానికి పనికొస్తాయి. బలం మారుతూ ఉంటుంది కనుక బలానికి కొలబద్దలు కాలేవు.

రెండో ప్రశ్న సమయం. 300 కెల్విన్ల రొద ఉన్న వ్యవస్థతో లక్ష్యం మీద పది నిమిషాలు, పక్కనున్న ఖాళీ ఆకాశం మీద పది నిమిషాలు గడిపితే, 250 కిలోహెర్ట్జ్ వెడల్పున్న గడిలో మిగిలే రొద 0.035 కెల్విన్. రొద సగానికి తగ్గాలంటే సమయం నాలుగింతలు కావాలి. లక్ష్యం రేఖ 0.02 కెల్వినే ఉంటుందని ముందే అంచనా ఉంటే దానికి ఒక రాత్రి చాలదు.

మూడోది ఖాళీ ఆకాశం. లక్ష్యం నుంచి తీసివేయడానికి చూసే ఆ చోటు నిజంగా ఖాళీగా ఉండాలి. పాలపుంత పట్టీలో కార్బన్ మోనాక్సైడ్ ఎటు చూసినా ఉంటుంది. ఖాళీ అనుకున్న చోట వాయువు ఉంటే లక్ష్యం రేఖలో లేని గుంట కనబడుతుంది.

పాత్రలు మారే మూలాలు

కాలిబ్రేటర్, లక్ష్యం అన్నవి మూలాల పుట్టుకతో వచ్చిన జాతులేమీ కావు. అడిగే ప్రశ్నను బట్టి వాటి పాత్ర మారుతుంది. తిరుపతి సమీపంలోని గాదంకిలో వాతావరణ పరిశోధనకు నెలకొల్పిన ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అది మిల్లీమీటరు యంత్రం కాదు. దాని యాంటెన్నా చూపు సరైన దిశలో ఉందో లేదో తేల్చడానికి కన్యారాశిలోని వర్గో-ఏ అనే రేడియో మూలాన్ని వాడారు. గాదంకి నడినెత్తికి డిగ్రీ దూరంలోనే ఆ మూలం దాటుతుంది. వర్గో-ఏ అంటే ఎం87 గెలాక్సీయే. దాని నడుమ ఉన్న కృష్ణబిలాన్ని 2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు 1.3 మి.మీ. దగ్గర లక్ష్యంగా చేసుకుంది. అప్పుడు కొలబద్దగా నిలిచింది అదే రాశిలోని 3సి 279 క్వేజార్. 2019 ఏప్రిల్ 10న విడుదలైన కృష్ణబిలం ఛాయాచిత్రం వెనక ఆ క్వేజార్ పరిశీలనలూ ఉన్నాయి. 3సి 279 కూడా తర్వాత లక్ష్యంగా మారి, దాని నడుమ నుంచి చిమ్మే ప్రవాహం (జెట్) మీద వేరే పరిశోధన వెలువడింది.

లక్ష్యానికి ఆకాశ సంఘటన సాయపడిన సందర్భమూ తెలుగు నేల మీద ఉంది. హైదరాబాద్ సమీపంలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాలలో మూడు సెంటీమీటర్ల తరంగాలను అందుకునే చిన్న రేడియో టెలిస్కోపుతో 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. దాని మూడు మీటర్ల గిన్నెకు ఆ తరంగాల దగ్గర చూపు వెడల్పు సూర్యబింబం కంటే ఎక్కువ. మామూలు రోజుల్లో బింబంలోని భాగాలను అది వేరుగా చూడలేదు. గ్రహణంలో చంద్రుని అంచు ఒక్కో భాగాన్నీ కప్పుతూ పోయేటప్పుడు రేడియో బలం తగ్గిన తీరును బట్టి, సూర్యుడి మీద చురుకైన ప్రాంతాల వాటా తేల్చవచ్చు.

ఒక రాత్రి క్రమం

జనవరి రాత్రి ఓరియన్‌లోని ఒక చిన్న మేఘాన్ని కొలవాలనుకుంటే పని ఈ వరసలో సాగుతుంది. ముందు పలకలతో రిసీవర్ రొద తేలుస్తారు. ఆకాశంలో తగిన ఎత్తున ఉన్న గ్రహం మీద గురి, ఫోకస్ సరిచేసి, గిన్నె సామర్థ్యం కొలుస్తారు. తర్వాత ఓరియన్ మేఘ కేంద్రంలోని బలమైన కార్బన్ మోనాక్సైడ్ రేఖను చూసి, పాత కొలతలతో పోలుస్తారు. తేడా వస్తే తప్పు ఎక్కడుందో వెతికాకే ముందుకు పోతారు. అప్పుడు లక్ష్యం, ఖాళీ ఆకాశం, మధ్యమధ్య వెచ్చని పలక. గంటా రెండు గంటలకోసారి మళ్ళీ గురి చూస్తారు. లక్ష్యం 30 డిగ్రీల కిందికి దిగితే ఆపేస్తారు.

చివరిగా, ఏ కొలబద్ద వాడారో, ఆ రోజు దాని బలం ఎంతగా తీసుకున్నారో ఫలితంతోపాటు రాసి ఉంచుతారు. గ్రహాల ఉష్ణోగ్రతల నమూనాలు కాలక్రమంలో మెరుగుపడుతున్నాయి. మంచి నమూనాలతోనూ ఐదు నుంచి పది శాతం వరకు అనిశ్చితి మిగులుతుంది. రేపు యురేనస్ విలువ మారితే, యురేనస్‌ను ఆధారం చేసుకున్న పాత కొలతలన్నిటినీ ఒకే గుణకంతో సవరించవచ్చు. కొలబద్ద పేరు రాయని కొలతకు ఆ అవకాశం ఉండదు.