సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ నత్తనడక: వానవేళ టవరు వెనుక పేరుకునే క్యూ

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధానిలో సాయంత్రం వేళ జనం గుమికూడే చోట్లలో తెలీబంధా చెరువు గట్టు ఒకటి. స్థానికులు దీనిని మెరైన్ డ్రైవ్ అని పిలుస్తారు. ఒకప్పుడు రాయ్‌పూర్-ధమ్‌తరీ నారోగేజి రైలు ఆగిన తెలీబంధా నేడు నగరంలోని రద్దీ ప్రాంతాలలో ఒకటి. ఇటువంటి చోట వర్షాకాలపు సాయంత్రం పెద్ద వాన మొదలైందనుకుందాం. ఫోన్‌పై సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి. కానీ యూపీఐ చెల్లింపు ఎంతకీ పూర్తికాదు, వీడియో కాల్‌లో అవతలి వ్యక్తి మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. దేశంలో ఏ నగరవాసికైనా పరిచితమైన ఈ అనుభవానికి కారణాలు అనేకం. వాటిలో అంతగా చర్చకు రానిది టవరుకు వెనుక వైపున ఉంది.

ఫోన్‌పై గీతలు ఫోనుకు, సమీప టవరుకు మధ్య ఉన్న సంకేత బలాన్ని మాత్రమే తెలుపుతాయి. టవరు నుంచి ఆపరేటరు ప్రధాన నెట్‌వర్క్ వరకు సాగే రెండో అంచెను టెలికాం పరిభాషలో బ్యాక్‌హాల్ అంటారు. ఆప్టికల్ ఫైబర్ చేరిన చోట అది ఒక కేబుల్. చేరని చోట టవరు మీద తప్పెటలా కనిపించే గుండ్రని డిష్. అది కొన్ని కిలోమీటర్ల దూరంలోని మరో టవరు డిష్‌కు మైక్రోవేవ్ తరంగాల ద్వారా సమాచారం పంపుతుంది. ఆ టవరు పరిధిలోని ఫోన్ల సమాచారమంతా ఆ ఒక్క లింకు గుండానే పోవాలి.

జాప్యానికి దూరమే కారణమని చాలామంది భావిస్తారు. లెక్క వేస్తే ఆ అభిప్రాయం నిలవదు. రేడియో తరంగం గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 10 కిలోమీటర్ల లింకును దాటడానికి దానికి సెకనులో 30 వేలవ వంతు చాలు. ఫైబర్‌లో కాంతి వేగం సుమారు 2 లక్షల కిలోమీటర్లే కనుక, ఈ ఒక్క విషయంలో మైక్రోవేవ్‌దే పైచేయి. షికాగో, న్యూయార్క్ మధ్య షేర్ల వ్యాపారం కోసం 2010లో ప్రత్యేకంగా ఫైబర్ మార్గం వేసిన కొద్ది ఏళ్లకే వ్యాపార సంస్థలు మైక్రోవేవ్ టవర్ల వైపు మళ్లింది ఆ కొద్ది మిల్లీసెకన్ల తేడా కోసమే. భూస్థిర ఉపగ్రహంపై ఆధారపడిన మారుమూల టవర్ల సంగతి వేరు. సంకేతం 35,786 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి దిగిరావాలి గనుక అక్కడ దూరమే పెద్ద జాప్యం. నగరంలోని మైక్రోవేవ్ లింకుపై మాత్రం ప్యాకెట్లకు ప్రయాణం కంటే నిరీక్షణకే ఎక్కువ కాలం పడుతుంది.

పెద్ద బఫర్ తెచ్చే చిక్కు

లింకు మోయగలిగిన దానికంటే ఎక్కువ ప్యాకెట్లు ఒకేసారి వచ్చినప్పుడు పరికరం వాటిని బఫర్ అనే తాత్కాలిక మెమరీలో వరుసగా నిలుపుతుంది. క్షణకాలపు రద్దీని తట్టుకోవడానికి కొంత బఫర్ అవసరమే. అయితే మెమరీ చవకయ్యే కొద్దీ బఫర్లు పెరిగిపోయాయి. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదన్న తాపత్రయం అందుకు తోడైంది. నిజానికి ప్యాకెట్ పోవడమే ఇంటర్నెట్‌కు చాలాకాలంగా రద్దీ హెచ్చరిక.

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ రెండింటి మధ్య దూరం 400 గజాలే. కారణాన్ని అన్వేషించిన వాన్ జాకబ్సన్ 1988లో పరిష్కారాన్ని ప్రచురించారు. ప్యాకెట్ పోయిందంటే దారి కిక్కిరిసిందని గ్రహించి, పంపే కంప్యూటరు వేగం తగ్గించుకోవాలన్నది దాని సారాంశం. బఫర్ మితిమీరి పెద్దదైతే ఈ హెచ్చరిక సకాలంలో అందదు. పంపేవారు పంపుతూనే ఉంటారు, క్యూ పెరుగుతూనే ఉంటుంది. ఈ స్థితికి జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010 చివరలో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

వాన చేసే పని

ఫోనుకు, టవరుకు మధ్య సాధారణంగా వాడే తరంగాలపై వాన ప్రభావం స్వల్పం. గీతలు నిండుగా ఉండడానికి కారణం అదే. బ్యాక్‌హాల్ డిష్‌లు వాడే పౌనఃపున్యాలు అంతకంటే చాలా ఎక్కువ. 10 గిగాహెర్ట్‌జ్ దాటిన కొద్దీ వాన చినుకులు తరంగాన్ని పీల్చుకోవడం, చెదరగొట్టడం పెరుగుతుంది. అయినా ఆధునిక రేడియో వెంటనే లింకును తెంచుకోదు. హోరుగాలిలో మాట్లాడే మనిషి ఒక్కో మాటను నిదానంగా, విడమరచి పలికినట్లు, ఒక్కో సంకేతంలో కుక్కే బిట్ల సంఖ్యను తగ్గించుకుంటుంది. దీనిని అడాప్టివ్ మాడ్యులేషన్ అంటారు. నిర్మలమైన వాతావరణంలో 1024 క్వామ్ పద్ధతిలో ఒక్కో సంకేతానికి 10 బిట్లు మోసిన రేడియో, కుండపోతలో క్యూపీఎస్‌కే పద్ధతికి దిగితే 2 బిట్లే మోస్తుంది.

దీని పర్యవసానం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఉదాహరణకు సెకనుకు 400 మెగాబిట్లు మోసే లింకు వద్ద 5 మెగాబైట్ల బఫర్ ఉందనుకుందాం. 5 మెగాబైట్లంటే 40 మెగాబిట్లు. బఫర్ నిండితే చివరి ప్యాకెట్ 100 మిల్లీసెకన్లు వేచి ఉండాలి. వానకు వేగం ఐదో వంతుకు, అంటే 80 మెగాబిట్లకు తగ్గితే అదే బఫర్ 500 మిల్లీసెకన్ల క్యూగా మారుతుంది. బఫర్ పరిమాణంలో ఒక్క బైటు మారలేదు, నిరీక్షణ మాత్రం అర సెకనుకు చేరింది. మాట్లాడుకోవడానికి ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండడం మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 సిఫారసు చెబుతుంది.

కాబట్టి వైర్‌లెస్ బ్యాక్‌హాల్‌లో క్యూను బైట్లలో కొలవడం అర్థరహితం, కాలంలో కొలవాలి. 2012లో కాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రతిపాదించిన కోడెల్ విధానం చేసేది ఇదే. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలిచిందో అది గమనిస్తుంది. నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు ఒక్కసారి కూడా 5 మిల్లీసెకన్ల లోపుకు దిగకపోతే ప్యాకెట్లను ఒక్కొక్కటిగా వదిలివేస్తూ పంపేవారికి హెచ్చరిక చేరవేస్తుంది. లింకు వేగం ఎంతో దానికి ముందుగా తెలియనక్కరలేదు. వాన వచ్చినా, వెలిసినా పని చేయగలగడం దీని ప్రత్యేకత. దీనికే ఒక్కో సంభాషణకు విడి క్యూ కేటాయించే పద్ధతిని జోడిస్తే, పక్కవారి భారీ డౌన్‌లోడ్ వెనుక చెల్లింపు ప్యాకెట్ చిక్కుపడదు. ఈ రెండు విధానాలూ 2018 జనవరిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ పత్రాలుగా వెలువడ్డాయి.

మొబైల్ నెట్‌వర్క్‌లో వీటిని అమర్చడం అంత సులువు కాదు. టవరు నుంచి బయలుదేరే ప్యాకెట్లు మరో పొరలో చుట్టబడి, సొరంగంలో వలె ప్రయాణిస్తాయి. మధ్యలోని పరికరానికి పై కవరు మాత్రమే కనిపిస్తుంది. ఎవరి ప్యాకెట్ ఏదో తెలియనప్పుడు విడివిడి క్యూలు కట్టడం ఎలా? అందుకే ఆపరేటర్లు కవరుపై వేసే ప్రాధాన్య గుర్తులపై ఆధారపడతారు. వోల్టీ కాల్‌కు ముందు వరుస లభిస్తుంది. వాట్సాప్ కాల్, యూపీఐ సందేశం మాత్రం సాధారణంగా వీడియోలతో కలిసి నిలబడవలసిందే.

మరో చిక్కు, వాన వల్ల రేడియో వేగం తగ్గిన సంగతి దాని వెనుకనున్న రూటరుకు తెలియకపోవడం. రూటరు పాత వేగంతోనే పంపుతుంది, క్యూ ఏ నియంత్రణా లేని రేడియో బఫర్‌లో పేరుకుంటుంది. తగ్గిన వేగాన్ని రూటరుకు తెలియజేసే సందేశాలకు ప్రమాణాలు ఉన్నాయి. రెండు పరికరాలూ వాటిని పాటిస్తేనే ప్రయోజనం. రూటరు వేగాన్ని లింకు గరిష్ఠం కంటే కాస్త తక్కువకు కట్టివేసి, క్యూ తన అదుపులోనే ఏర్పడేలా చూసుకునే పద్ధతీ ఉంది. కొంత వేగం వదులుకుని జాప్యాన్ని తగ్గించుకునే ఈ బేరం పొడి వాతావరణంలో లాభసాటిదే. కుండపోతలో స్థిరమైన పరిమితి నిలవదు.

ఫైబర్ వస్తే చాలా?

టవర్లకు ఫైబర్ చేర్చడమే శాశ్వత మార్గమన్నది విధాన నిర్ణేతల ఆలోచన. 2019 డిసెంబరు 17న ప్రారంభమైన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మిషన్, ఫైబర్ ఉన్న టవర్లను 30 శాతం నుంచి 70 శాతానికి పెంచాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్ష్యం నెరవేరినా మిగిలిన 30 శాతానికి వైర్‌లెస్ లింకులే గతి. కొండలు, అడవులు ఉన్న చోట తవ్వకం కష్టం. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ ప్రాజెక్టు కేబుల్‌ను విద్యుత్ స్తంభాల మీదుగా తీసుకెళ్లింది. ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ సంస్థ 2017 డిసెంబరులో కాంతి పుంజంతో పనిచేసే 2,000 బ్యాక్‌హాల్ లింకులను ఆ రాష్ట్రంలో అమర్చే ప్రణాళిక ప్రకటించింది. కాంతి పుంజానికి వాన కంటే పొగమంచు పెద్ద శత్రువు.

తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్ 27న ఆమోదం తెలిపింది. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 10 రాష్ట్రాలకు ఇది వర్తిస్తుంది. టవరు 4జీ అయితే దాని వెనుక లింకుపై భారం పలు రెట్లు పెరుగుతుంది. లింకును విస్తరించకుండా టవరును మాత్రమే మారిస్తే, క్యూ ఫోను వద్ద నుంచి టవరు వెనక్కు జరుగుతుందే తప్ప తొలగదు.

నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో వెలువరించిన సేవా నాణ్యత నిబంధనలలో లేటెన్సీకి ప్రత్యేక ప్రమాణం ఉంది. ప్రకటనల్లో మాత్రం నేటికీ వేగం అంకెలే కనిపిస్తాయి. వినియోగదారు స్వయంగా పరీక్షించదలిస్తే, లింకు ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ ఎంతో, పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతుండగా ఎంతో చూడాలి. కొన్ని స్పీడ్‌టెస్ట్ యాప్‌లు ఈ రెండో అంకెను విడిగా చూపుతున్నాయి. 30 మిల్లీసెకన్లున్న పింగ్ రద్దీలో 400కు ఎగబాకితే దారిలో ఎక్కడో క్యూ పేరుకుంటున్నట్లే. అది ఫోను, టవరు మధ్యనా, టవరు వెనుకనా అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. పొడి రోజున మామూలుగా ఉండి, గీతలు తగ్గకుండానే వాన రోజున మాత్రమే ఎగబాకితే, మొదట బ్యాక్‌హాల్‌ను అనుమానించవచ్చు.