తాగి వాహనం నడిపినవారి వల్ల గాయపడినవారికి నష్టపరిహారం

భారతదేశంలో మద్యం సేవించి వాహనం నడిపిన వ్యక్తి వల్ల గాయపడినవారికి నష్టపరిహారం కోరే హక్కును ప్రధానంగా మోటారు వాహనాల చట్టం, 1988 కల్పిస్తుంది. డ్రైవరుపై పోలీసులు పెట్టే క్రిమినల్ కేసు, బాధితుడు వేసే పరిహారపు దావా రెండూ వేర్వేరు. మొదటిది శిక్ష కోసం. చికిత్స ఖర్చులు, కోల్పోయిన సంపాదన రాబట్టుకొనేందుకు రెండవదే ముఖ్య మార్గం.

నేరము, నిరూపణ

చట్టంలోని 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా వాహనం నడపడం నేరం. పరిహారపు దావాలో డ్రైవరు తాగి ఉన్నాడనడం బలమైన ఆధారమే కాని, అతని నిర్లక్ష్యం వల్లనే ప్రమాదం జరిగిందని కూడా చూపాలి. క్రిమినల్ కేసులో వలె సందేహాతీతంగా నిరూపించనవసరం లేదు. జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. అందువల్ల ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, రక్తపరీక్ష నివేదిక, ఆసుపత్రి బిల్లులు భద్రపరచుకోవడం ముఖ్యం.

దావా వేయు విధానం

166వ సెక్షను కింద దరఖాస్తును మోటారు వాహన ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో దాఖలు చేయాలి. ప్రమాదం జరిగిన చోట గాని, బాధితుడు నివసించే చోట గాని, ప్రతివాది నివసించే చోట గాని దీనిని వేయవచ్చు. డ్రైవరును, వాహన యజమానిని, బీమా సంస్థను సాధారణంగా ప్రతివాదులుగా చేరుస్తారు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ దరఖాస్తుకు ప్రమాదం నాటినుండి ఆరు నెలల గడువు విధించింది. ఈ గడువు నిబంధనను సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

పరిహారం లెక్కించు పద్ధతి

చికిత్స ఖర్చులు, కోల్పోయిన ఆదాయం, భవిష్యత్తు వైద్యం, శారీరక బాధ, జీవనసౌఖ్య నష్టం వేర్వేరు పద్దులుగా లెక్కకు వస్తాయి. వైద్యులు ఇచ్చే వైకల్య శాతం, సంపాదనా శక్తిలో తగ్గుదల ఒకటి కావని సుప్రీంకోర్టు రాజ్ కుమార్ కేసులో (2011) వివరించింది. కాలు కోల్పోయిన తాపీమేస్త్రీకి జీవనోపాధే పోవచ్చు. బల్ల వద్ద కూర్చొని పనిచేసే గుమాస్తా అదే ఉద్యోగంలో కొనసాగవచ్చు.

ఉదాహరణకు 32 ఏళ్ల వ్యక్తి నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తూ, సంపాదనా శక్తిలో 40 శాతం కోల్పోయాడనుకుంటే వార్షిక నష్టం 72,000 రూపాయలు. సరళా వర్మ కేసులో (2009) 31-35 ఏళ్ల వయసుకు నిర్ణయించిన గుణకం 16. దీని ప్రకారం ఈ ఒక్క పద్దు కిందనే 11,52,000 రూపాయలు వస్తాయి. పరిహారం నష్టాన్ని పూడ్చుటకే గాని శిక్షించుటకు కాదు కనుక, డ్రైవరు తాగి ఉన్నంత మాత్రాన ఈ మొత్తం పెరగదు.

బీమా సంస్థ బాధ్యత

మూడవ పక్షపు బీమా ప్రతి వాహనానికీ తప్పనిసరి. డ్రైవరు తాగి ఉండటాన్ని పాలసీ షరతుల ఉల్లంఘనగా బీమా సంస్థ చూపవచ్చు. అయినప్పటికీ బాధితుడికి ముందుగా సొమ్ము చెల్లించి, తరువాత యజమాని, డ్రైవరుల నుండి రాబట్టుకొమ్మని న్యాయస్థానాలు ఆదేశించడం ఉంది; 2023లో కేరళ హైకోర్టు ఇటువంటి తీర్పునే ఇచ్చింది. యజమాని తన సొంత వాహన నష్టానికి చేసే క్లెయిము మాత్రం వేరు. అందులో డ్రైవరు తాగి ఉన్న కారణంగా బీమా సంస్థ చెల్లింపు నిరాకరించడాన్ని సుప్రీంకోర్టు 2021లో సమర్థించింది.

వాహనం ఆచూకీ తెలియనప్పుడు

గుద్ది పారిపోయిన వాహనం ఏదో తెలియకపోతే 161వ సెక్షను కింద తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు, మరణించినవారి కుటుంబానికి 2 లక్షల రూపాయలు లభిస్తాయి.

అప్పీలు

ట్రిబ్యునల్ తీర్పుపై 90 రోజులలోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.