కాళ్ళకు నీళ్ళు: నిరాశ్రయుల రాత్రి వసతిలో నర్సుల సేవ

మన ఇండ్లలో దూరప్రయాణము చేసి వచ్చిన బంధువునకు మొట్టమొదట అందించునది చెంబెడు నీళ్ళు. కాళ్ళు కడుగుకొన్న పిమ్మటనే కుశలప్రశ్నలు, భోజనము, మంచము. ఎందులకు వచ్చితివి, ఎన్నాళ్ళుందువు అని గుమ్మములో నిలబెట్టి అడుగుట మర్యాద కాదు. అమెరికాలోని బోస్టను నగరమున, ఇల్లు లేనివారు తలదాచుకొను ఒక రాత్రి వసతిలో, కొందరు నర్సులు తమ వైద్యమును ఈ క్రమముననే ఆరంభించిరి. మన ఆచారము వారెరుగరు. అక్కడకు వచ్చు రోగుల స్థితియే వారికి ఈ పద్ధతిని నేర్పినది. కాళ్ళతో ఆరంభమైన ఆ సేవ నిరాశ్రయుల వైద్యమున కొక మార్గమెట్లు చూపినదో తెలుపుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

బోస్టను అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య తీరముననున్న నగరము. శీతకాలపు రాత్రులలో అచ్చట నీరు గడ్డకట్టును. 1969లో ఆ నగరపు పైన్ వీధిలో, ఇల్లు లేక, పలువురు మద్యవ్యసనమునకు లోబడి, వీధులపాలైన పురుషుల కొరకు ఒక వసతి ఏర్పడెను. పైన్ స్ట్రీట్ ఇన్ అని దాని పేరు. ఇన్ అనగా సత్రము. 1980లో ఆ సత్రము పూర్వము అగ్నిమాపక దళమునకు ప్రధాన కార్యాలయముగా నుండిన పెద్ద భవనమునకు మారినది గాని, పాతపేరు విడువలేదు. 1972లో బోస్టను నగర ఆసుపత్రిలో పనిచేయు కొందరు నర్సులు స్వచ్ఛందముగా ఈ సత్రమునకు వచ్చి, అచ్చటనే ఒక చిన్న చికిత్సాలయమును నెలకొల్పిరి. దానిని నడుపువారు నర్సులే, డాక్టర్లు కారు.

పెద్ద ఆసుపత్రి ఊరిలో నుండగా సత్రములో వైద్యమెందులకు అన్న ప్రశ్న సహజముగా కలుగును. ఆసుపత్రిలో ఇల్లులేనివానికి దొరకు వైద్యమెట్టిదో చూచినచో సమాధానము దొరకును. కాలిపుండుతో వచ్చినవానికి కట్టుకట్టి, డాక్టరు చెప్పుమాటలు నాలుగు. కాలు ఎత్తుగా పెట్టుకొని పడుకొనవలెను. కట్టు తడవరాదు. భోజనానంతరము మూడు పూటల మాత్ర వేసికొనవలెను. వారము దినముల తరువాత మరల రావలెను. ఈ నాలుగు మాటలును మంచివే. కాని మంచము లేనివాడు కాలెక్కడ ఎత్తి పెట్టుకొనును? మంచులో నడచువాని కట్టు తడవకుండుటెట్లు? ఏ పూట తిండి దొరకునో తెలియనివానికి భోజనానంతరమనగా ఎప్పుడు? వారము తరువాత అతడు పుండు మురిగి తిరిగివచ్చును. చెప్పినమాట వినని రోగి అని అతని కాగితముపై వ్రాయుదురు.

ఇంకొక ఉదాహరణ. గుండె బలహీనపడి కాళ్ళకు నీరుపట్టినవారికి, ఆ నీటిని మూత్రరూపమున వెడలించు మాత్రల నిత్తురు. మాత్ర వేసికొన్న కొన్ని గంటలపాటు మాటిమాటికి మరుగుదొడ్డికి పోవలసియుండును. ఇంటనున్నవారికి ఇది కష్టము కాదు. పగలంతయు వీధులలో తిరుగుచు, ఏ దుకాణమువారును లోనికి రానీయని మనుష్యుడు మాత్రము ఏమి చేయును? మాత్ర మానివేయును. అతనిది మొండితనము కాదు, మానము కాపాడుకొను ప్రయత్నము. సత్రములోని నర్సు ఈ సంగతి ఎరుగును. సత్రము తలుపులు తెరచిన తరువాత, దొడ్డి అందుబాటులో నుండు వేళకు మాత్రను మార్చుటకు ఆమె డాక్టరుతో మాటలాడును. ఔషధము మారలేదు, వేళ మాత్రమే మారినది. అయినను ఆ మార్పుతో అది రోగికి ఉపయోగపడు ఔషధమైనది.

ఇట్టి వసతిలో నర్సు పని సాయంకాలము జనము వచ్చు వేళకు ముమ్మరమగును. ఇన్సులిన్ చల్లగా నుండవలెను, సూదులు పోకుండవలెను. కావున వానిని నర్సు గదిలో దాచి, వేళకు పిలిచి ఇత్తురు. రక్తపుపోటు చూచుట, పుండ్లకు కట్లు మార్చుట, దగ్గువారిని కనిపెట్టుట, మత్తులో పడియున్నవాడు నిద్రించుచున్నాడో, తలకు దెబ్బ తగిలి స్మృతి తప్పియున్నాడో వివేచించుట, ఇవియన్నియు ఆమె పనులు. గజ్జి పట్టినవారికి మందు రాయించుటతోపాటు బట్టలను వేడిచేయుటయు అవసరము. చీరపేలు దేహముపై కన్న బట్టల కుట్లలో నివసించును. మనుష్యునకు స్నానము చేయించి, మాసిన బట్టలనే తిరిగి తొడిగినచో ప్రయోజనము సున్న. బట్టలను వేడినీట నుతికి, వేడిగాలిలో ఆరబెట్టినగాని అవి చావవు.

ఈ పనులన్నిటికిని ముందు, గోరువెచ్చని నీటితొట్టి. అందులో క్రిమిసంహారక ద్రవము కలిపి, వచ్చినవానిని కుర్చీపై కూర్చుండబెట్టి, బూట్లు విప్పి, కాళ్ళు అందులో నుంచి కడుగుదురు. దీనికి శాస్త్రకారణములు కలవు. ఇల్లు లేని మనుష్యుడు దినమంతయు నడచును, లేదా నిలుచుండును. పడుకొన చోటులేక కుర్చీలలో, బల్లలపై కూర్చుండి నిద్రించుటచే నీరు కాళ్ళలోనికి దిగి, పిక్కలు వాచి, చర్మము పగిలి రసికారును. తడిసిన మేజోళ్ళను మార్చు వీలులేక వ్రేళ్ళసందులు పాయును. ఆ పగుళ్ళగుండా క్రిములు ప్రవేశించి కాలంతయు ఎఱ్ఱబారి జ్వరము తెప్పించును. తడి, చలి కలిసి దినములతరబడి పట్టియుంచినచో, నీరు గడ్డకట్టనంతటి చలిలోనైనను పాదము తెల్లబడి మొద్దుబారి కుళ్ళనారంభించును. 1914-18 యుద్ధమున కందకములలో నిలిచిన వేలకొలది సైనికులకు సోకుటచే దీనికి కందకపు పాదమని పేరు వచ్చెను.

చలి మరింత తీవ్రమైనచో మాంసమే గడ్డకట్టును. అట్టి పాదమును రుద్దరాదు, నిప్పుకు చూపరాదు. 37 మొదలు 39 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనముగల నీటిలో నుంచవలెను. అదియు మరల చలిలోనికి పోనక్కరలేదను నిశ్చయమున్నప్పుడే. ఒకసారి కరిగిన మాంసము తిరిగి గడ్డకట్టినచో నష్టము మొదటికన్న అధికము. మధుమేహము గలవారి పాదములకు స్పర్శ నశించియుండవచ్చును. నీరు కాలుచున్నను వారికి తెలియదు. కావున నీటి వేడిమిని నర్సు స్వయముగా పరీక్షింపవలెను. బూటులోని చిన్న రాయి చేసిన పుండును రోగి ఎరుగకుండ ఆమె చూచుటయు, కాలు పోకుండ కాపాడుటయు ఇచ్చటనే జరుగును.

1985లో ఈ సత్రమునకు జేమ్స్ ఓకనెల్ అను యువవైద్యుడు వచ్చెను. నగరములోని ప్రసిద్ధమైన ఆసుపత్రిలో శిక్షణ ముగించుకొని, క్యాన్సరు చికిత్సలో పైచదువునకు పోవుటకు ముందు, ఒక సంవత్సరము మాత్రము ఇల్లులేనివారికి సేవచేయుటకు ఒప్పుకొన్నవాడు. అతనిని చూచి నర్సులు పొంగిపోలేదు. తాము సంవత్సరముల తరబడి సంపాదించుకొన్న నమ్మకమును తొందరపాటుగల ఒక వైద్యుడు ఒక్క వారములో చెడగొట్టునేమో అని వారి భయము. బార్బరా మకినిస్ అను నర్సు అతని స్టెతస్కోపును తీయించి ప్రక్కన పెట్టించి, ముందు కాళ్ళు కడుగుమనెను. కొన్ని వారములపాటు అతడు చేసిన వైద్యమంతయు అదియే.

ఓకనెల్ తరువాత పలుమార్లు చెప్పిన సంగతి ఒకటి కలదు. మానసిక వ్యాధితో బాధపడుచు, చిరకాలముగా ఏ వైద్యునకును లొంగని ఒక వృద్ధుడు సత్రమునకు వచ్చుచుండెను. కాళ్ళు విపరీతముగా వాచియుండెడివి. ఓకనెల్ ప్రతి సాయంకాలము అతని కాళ్ళు నీటిలో నుంచి, ఏమియు అడుగక కడుగుచుండెను. కొంతకాలమునకు ఆ వృద్ధుడే నోరు తెరచి, నీవు డాక్టరవు గదా, నా కాళ్ళయొద్ద ఏమి చేయుచున్నావని అడిగెను. నర్సులు చెప్పినట్లు చేయుచున్నానని ఓకనెల్ బదులుచెప్పెను. మరికొన్ని దినములకు, నిద్రపట్టుట లేదు, ఏదైన మందు ఇత్తువా అని వృద్ధుడు తానై అడిగెను. ఏండ్లతరబడి వైద్యులు బలవంతపెట్టి సాధింపలేనిది నీటితొట్టి ముందు ఓపికతో కూర్చుండుటచే సిద్ధించినది. సాధారణముగా వైద్యుడు మంచముపైనున్న రోగిని పైనుండి చూచును. కాళ్ళు కడుగునపుడు క్రింద కూర్చుండి తలయెత్తి చూడవలెను. ఒక సంవత్సరమునకని వచ్చిన ఓకనెల్ ఆ పనిలోనే దశాబ్దములు గడపెను.

ఇట్టి నమ్మకము మనుష్యుల మంచితనమునకు సంబంధించిన విషయము మాత్రమే అనుకొనరాదు. ఊరి ఆరోగ్యము కూడ దానిపై ఆధారపడియుండును. 1984, 85 సంవత్సరములలో బోస్టనులోని నిరాశ్రయుల వసతిలో క్షయ ప్రబలెను. అది ఐసోనయజిడ్, స్ట్రెప్టోమైసిన్ అను రెండు మందులకును లొంగని రకము. మంచములు దగ్గర దగ్గరగా నున్న గదిలో ఒకని దగ్గు పదిమందికి గాలిలో చేరును. ఒకసారి క్షయక్రిమి సోకినవారికి అది మరల వెలుపలినుండి సోకునని కూడ ఆ సందర్భమున స్పష్టమైనది. క్షయకు మాత్రలు నెలలతరబడి విడువక వేసికొనవలెను. చిరునామా లేని మనుష్యుని చేత అన్ని నెలలు మాత్రలు మ్రింగించుట చట్టములచేత కాదు. ప్రతిదినము అతనిని పేరుపెట్టి పిలుచు మనుష్యురాలు, తన కన్నులయెదుట అతడు మాత్ర మ్రింగువరకు నిలుచు మనుష్యురాలు ఉండవలెను.

సత్రపు సేవకు ఒక హద్దు ఉన్నది. ఊపిరితిత్తులకు జ్వరము తగిలి ఆసుపత్రిలో వారముండి, విడుదలయైన మనుష్యుడు ఇంటికి పోయి మరియొక వారము విశ్రమించును. ఇల్లు లేనివాడెక్కడ విశ్రమించును? ఈ ప్రశ్నకు సమాధానముగా 1985లో బోస్టనులోని మరియొక వసతిలో 25 మంచములను కోలుకొనువారి కొరకు ప్రత్యేకించిరి. 1993లో దానికొక ప్రత్యేక భవనము లభించెను. దానికి బార్బరా మకినిస్ పేరు పెట్టిరి. 2003లో ఆమె మరణించెను. 2008లో ఆ సంస్థ 104 మంచముల క్రొత్త భవనమునకు మారినది. నేడు అమెరికాలోని పలు నగరములలో ఇట్టి విశ్రాంతి వసతులు ఉన్నవి.

ఇంత సేవ జరిగినను, దానితో అంతయు చక్కబడినదని చెప్పినచో సత్యము కాదు. 1988 మొదలు 1993 వరకు బోస్టనులో ఇల్లులేనివారిలో మరణించినవారి సగటు వయస్సు 47 సంవత్సరములని ఒక పరిశోధనలో తేలినది. 2003 మొదలు 2008 వరకు జరిగిన మరియొక పరిశోధనలో అది 51. మొదటి కాలమున ఎయిడ్స్ వ్యాధి పలువురిని బలిగొనగా, రెండవ కాలమున మాదకద్రవ్యములు మితిమీరుట మరణములకు ప్రథమకారణమైనది. ఇపుడు నర్సుల సంచిలో ఊపిరి ఆగినవానిని బ్రతికించు నలాక్సోను మందు తప్పక ఉండును. కాళ్ళు కడుగుట ఇంటికి బదులు కాదని ఈ సేవలో తలనెరసినవారే చెప్పుచున్నారు. తలుపు వేసికొన గదియే వీరికి కావలసిన మొదటి ఔషధము. అది దొరకువరకు ప్రాణము నిలుపుటయు, దొరకిననాడు దానిని నమ్మి స్వీకరించు మనస్సును కాపాడుటయు నర్సు పని.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. 2011 జనగణనలో మన దేశమున ఇల్లు లేనివారు 17 లక్షలకు పైగా లెక్కకు వచ్చిరి. పట్టణములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రేయింబవళ్ళు తెరచియుండు వసతులు ఏర్పడవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2010లో ఆదేశించినది. ఇల్లు కలిగియుండియు, జిల్లాలనుండి రోగుల వెంట వచ్చి, పెద్దాసుపత్రుల వరండాలలో, కాలిబాటలపై రాత్రులు గడపువారిని మనమందరము చూచియే యున్నాము. మంచుబాధ మనకు లేకున్నను, వానకాలపు బురదలో పాసిన వ్రేళ్ళు, చెప్పులు లేని మధుమేహరోగి పాదములు మనయెదుటనే ఉన్నవి. వసతి కట్టునపుడు మంచములెన్ని, దుప్పట్లెన్ని అని లెక్కించుట పరిపాటి. అందులో ఒక నర్సు గది, ఒక నీటికుళాయి, ఒక తొట్టి, మందులు దాచు ఒక బీరువా కూడ లెక్కలో చేరవలెను.

రాత్రి తుదిప్రసారము ముగించుకొని ఇంటికి మరలునపుడు, మూసిన దుకాణముల అరుగులపై వరుసగా పడుకొన్నవారిని దాటి పోవుట నాకు అనేక సంవత్సరముల అలవాటు. దుప్పటి ముఖములను కప్పును. కాళ్ళు మాత్రము వెలుపల ఉండును. ఇన్నేండ్లుగా ఆ కాళ్ళను చూచుచునే యుంటిని గాని, పరీక్షగా చూచినది బోస్టను నర్సులను గూర్చి తెలిసికొన్న తరువాతనే.