సికారియో: అసలు కేట్‌ని టీమ్‌లోకి ఎందుకు తీసుకున్నారు?

ఈరోజు 2015లో వచ్చిన 'సికారియో' గురించి మాట్లాడుకుందాం. అమెరికా-మెక్సికో బార్డర్‌లో జరిగే డ్రగ్స్ దందా కథ. డైరెక్టర్ డెనీ విల్నవ్, రాసింది టేలర్ షెరిడన్. స్పాయిలర్స్ ఉంటాయి, చూడనివాళ్లు చూసొచ్చి వినండి.

చూసినవాళ్లకి ఒక డౌట్ వస్తుంది. కేట్ ఎఫ్‌బీఐ ఏజెంట్, ఎమిలీ బ్లంట్ చేసింది. టీమ్‌లో ఆమెకి ఎవరూ ఏమీ చెప్పరు, ఆమె మాట ఎవరూ వినరు. మరి ఎందుకు తీసుకెళ్లారు?

జవాబు సినిమాలోనే ఉంది. సీఐఏ దేశం లోపల సొంతంగా ఆపరేషన్ చేయకూడదు, పక్కన లోకల్ ఏజెన్సీ మనిషి ఉండాలి. అంటే వాళ్లకి కావాల్సింది కేట్ తెలివితేటలు కాదు, ఆమె బ్యాడ్జ్.

ఇంకో షాక్ ఏంటంటే, వాళ్ల ప్లాన్ డ్రగ్స్‌ని ఆపడం కాదు. కొనేవాళ్లు ఉన్నంతకాలం సరుకు ఆగదు కాబట్టి, దందా మొత్తం ఒకే ముఠా చేతిలో ఉంటే కంట్రోల్ చేయడం ఈజీ అని వాళ్ల లెక్క. అందుకే కొలంబియా ముఠా తరఫున పనిచేసే అలెహాండ్రోని వాడుకుంటారు.

చివర్లో అంతా రూల్ ప్రకారమే జరిగిందని కేట్ సంతకం పెట్టాలి. అలెహాండ్రో ఆమె గడ్డం కింద గన్ పెట్టి మరీ పెట్టిస్తాడు.

నా దృష్టిలో సినిమా అడిగే ప్రశ్న ఇదే: చట్టాన్ని కాపాడటానికి చట్టాన్నే తొక్కేస్తే, ఇక మిగిలేది ఏంటి? క్లైమాక్స్‌లో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే దూరంగా కాల్పులు వినిపిస్తాయి. ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆట మొదలెడతారు. అక్కడ ఏమీ మారలేదు.

మీరేమంటారు? కేట్ ప్లేస్‌లో మీరుంటే ఏం చేసేవాళ్లు?