కాలినడకన పోవువానికి తగిన గాలపు సరంజామా



మా మెట్టుగూడ రైల్వేవారి పేట. ప్రక్కనే లాలాగూడలో 1893వ సంవత్సరమున నిజాము రైల్వేవారు కర్మాగారమును నెలకొల్పిరి. ఈ పేటలో నావంటి వారు కొందఱు సెలవునాడు తెల్లవారుజామున బండి యెక్కి, చిన్న స్టేషనులో దిగి, చెఱువుల వెంట నడచి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఇల్లు చేరుదుము. ఇప్పటి యువకులు ఇంకను ముందునకు పోయినారు. కూడు, గుడ్డ, పడక సమస్తమును వీపున మోసికొని రెండుమూడు దినములు నడచుచున్నారు. వారి మూటలో గాలపు సామానును చేరినది. మీ మనుమడు పట్టణమునుండి వచ్చి, “తాతా, గాలపు సామానుకు నాలుగువేలు కావలెను” అని యడిగెననుకొనుడు. అందులో ఎంత అవసరమో, ఎంత వట్టి బరువో మీరు తేల్చి చెప్పవలసియుండును. అందుకై నాకు తెలిసిన నాలుగు మాటలు విన్నవించెదను.

మొదట నేను చేసిన తెలివితక్కువ పని చెప్పుట న్యాయము. రెండు ముక్కలుగా ఊడు పొడవైన కఱ్ఱ, బరువైన రీలు, ఇనుపపెట్టెలో ముప్పది రకముల గాలములు, మడతపీట, వలబుట్ట, ఇన్నియు కట్టుకొని ఒకనాడు బీబీనగరులో దిగితిని. దిగుచుండగనే బండి తలుపున పడి కఱ్ఱ కొన విఱిగెను. తక్కిన బరువులో ఒక్కటియు విఱుగలేదు గనుక దానిని రెండు క్రోసులు మోసితిని. చెఱువు చేరిన పిదప వేఱు దారిలేక, రీలునుండి పది బారల దారము కోసి, గట్టుపై దొరకిన పుల్లకు చుట్టి, చేతితోనే విసరితిని. మధ్యాహ్నమునకు నాలుగు జెల్లలు పడినవి. చేపను పట్టునది దారమును గాలమును మాత్రమే. తక్కినదంతయు మన చేయి పొడిగించుకొనుటకే యని ఆనాడు నాకు బోధపడెను.

కావున దారముతో ఆరంభింతము. పూర్వము నార, నూలు, పట్టు త్రాళ్లుండెడివి. తడిసి ఆఱక క్రుళ్లెడివి. 1935లో అమెరికాలో కరోథర్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నైలానును నిర్మించెను. నాలుగేండ్లలో దాని ఒంటిపోగు గాలపుదారము అంగళ్లకు వచ్చెను. రీలు లేక చేతితో వేయువానికి 0.40 మిల్లీమీటర్ల దారము తగును. అది ముప్పది మీటర్లు కలిపి తూచినను ఐదు గ్రాములు తూగదు. అంగడివాడు అల్లిక దారమును చూపి, సన్ననిది, గట్టిది యని పొగడును. ఆ మాట నిజమే. కాని పెద్దచేప లాగినప్పుడు అది వ్రేళ్లను కోయును. రీలు గలవానికే అది తగినది.

ఈ దారపు కొనకు మూరెడు సన్నని దారమును, 0.25 మిల్లీమీటర్లది, ముడివేసి దానికి గాలము కట్టవలెను. గాలము అడుగున కంపకు తగులుకొన్నచో ఆ మూరెడే తెగును. ముప్పది మీటర్ల దారము చెఱువు పాలుగాదు. ముడిని బిగించుటకు ముందు నోటితో తడిపి, మెల్లగా లాగుడు. పొడిగా బిగించిన రాపిడికి వేడి పుట్టి నైలాను బలహీనమగును. ముడివద్ద తెగుటకు తఱచు కారణమిదియే.

దారము చుట్టుటకు సాలెవారి కండె వంటి వెదురుముక్క, జానెడుది, రెండు కొనల గాడిపెట్టినది చాలును. ఇది కొనవలసిన వస్తువు కాదు.

గాలముల అంకెలు క్రొత్తవానిని మోసగించును. అంకె పెరిగిన కొలది గాలము చిన్నది. పరిగెలకు 12, జెల్లలకు 6; కొరమీనునకు ఒకటి కంటె పెద్దవి, అనగా ఒకటికి ప్రక్కన సున్న చేర్చి వ్రాయునవి. ఒక్కొక్కటి నాలుగైనచో నడకకు సమృద్ధి. వానిని బెండుముక్కకు గ్రుచ్చి పొడుము డబ్బీలో నుంచుడు. మా తాతగారి డబ్బీ నా కిట్లు పనికివచ్చినది. గాలపు ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసినచో ఒకటి రెండు చేపలు తప్పించుకొనునేమో గాని, పిల్లవాని వ్రేలికి గ్రుచ్చుకొన్నప్పుడు సులువుగా వెలికి వచ్చును. జెల్ల ముల్లు పొడిచిన బాధ మీకు తెలియనిది కాదు. ఆ పట్టకారు అచ్చటను అక్కఱకు వచ్చును. బరువుకు సీసమే యననేల? నీటిలో పోయిన సీసము విషము. పాత ఇనుప నట్టు ఒకటి చాలును; రైల్వేపేటలో దానికి కఱవు లేదు. తేలుటకు జీలుగు బెండు.

ఇక కఱ్ఱ. ఒకదానిలో నొకటి ఇమిడిపోవు కఱ్ఱలు దొరకుచున్నవి. మూసిన మూరెడు, సాచిన నాలుగైదు మూరలు. ఒడ్డున నాచు, తామర దట్టముగా నున్నచోట ఇది మేలు. అయితే ఇసుక చొచ్చిన కీళ్లు బిగిసికొనిపోవును గనుక, అంగడిలోనే ప్రతి కీలును సాచి, మూసి, మరల సాచి చూచి తీసికొనవలెను. కార్బను కఱ్ఱ తేలిక. గాజుపోగు కఱ్ఱ కొంచెము బరువైనను దెబ్బకు ఓర్చుకొనును. మొరటు నడకకు రెండవదే నా యెన్నిక. జపానుదేశపు కొండవాగులలో రీలు లేకయే కఱ్ఱకొనకు దారము కట్టి పట్టెదరు. మన పల్లె బాలుర వెదురుకఱ్ఱయు అదే పద్ధతి.

ఇచ్చట ఒక్క హెచ్చరిక. సాచిన కఱ్ఱను నిలువునబట్టుకొని గట్టుపై నడువరాదు. బావుల మోటార్లకు పోవు 11 వేల వోల్టుల తీగెలు చెఱువుగట్లను దాటుచుండును. కార్బను విద్యుత్తును ప్రవహింపజేయును. తడిసిన వెదురును నమ్మరాదు. తీగెకు తగులనక్కఱలేదు, మిక్కిలి చేరువయైనను ప్రాణము పోవచ్చును. ఉఱుము వినబడగనే కఱ్ఱ మూసివేయవలెను. ఈ మాట మీ మనుమలకు రెండుమార్లు చెప్పుడు.

గ్రంథములలోని పట్టికలను చూచి సామాను కూర్చుకొనరాదు. కల్యాణపు చాళుక్యరాజు సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదమను ప్రకరణమే కలదు. మద్రాసు సివిలు ఉద్యోగి థామస్ దొర 1873లో మన దేశపు గాలపువేటపై పెద్దగ్రంథము ప్రకటించెను. రెండును విలువైనవే. కాని రాజునకు భటులు, దొరకు కూలీలు. మోయువాడు వేఱు, పట్టువాడు వేఱు. మనకు ఇద్దఱును మనమే. నా సామాను, కఱ్ఱ మినహా, మా పేట కిరాణా కాటాపై నూఱు గ్రాములకు లోపుగనే తూగినది.

సంచి తేలికయైనంత మాత్రమున చెఱువు మనది కాదు. పెక్కు ఊళ్లలో చేపల హక్కు మత్స్యకారుల సహకారసంఘమునకు చెందినది. వారు పిల్లలను వదలి పెంచుకొన్న చేప వారిది. అడిగి, వారు కాదన్నచో మరలి పోవుటయే మర్యాద. పాకాల వంటి అభయారణ్యపు నీటిలో అటవీశాఖ అనుమతి లేక గాలము వేయరాదు. వర్షకాలమున కొరమీను తన ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుకొని తిరుగుచుండును. అప్పుడు దానిని పట్టినచో ఆ పిల్లలను తక్కిన చేపలు మ్రింగివేయును. అట్టి గుంపు కనబడిన చోటును విడిచి పోవలెను.

తెగిన దారపు తుంటలను గట్టున విడువక డబ్బీలో వేసికొని రండు. నైలాను ఏండ్ల తరబడి క్రుళ్లదు. కొంగ కాలికో, లేగదూడ గిట్టకో చుట్టుకొనును. ఇల్లు చేరిన మఱునాడు మిగిలిన దారమును మంచినీట కడిగి, నీడనే ఆరవేసి, రాపిడి తగిలిన కొసను బారెడు కోసివేయుడు. ఎండలో వ్రేలాడదీసిన దారము చూచుటకు బాగుగనే యుండును. మఱుసారి పెద్దచేప తగిలినప్పుడే అది తెగును.