పెట్టె సర్దు వేళ

వేసవి సెలవులలో తిరుపతి యాత్రకు బయలుదేరు చింతామణి ఊరి కుటుంబములలో పెట్టె సర్దు కార్యము తరచుగా వేకువజామున, కిటికీనుండి చల్లగాలి వీచుచుండగా జరుగును. అందుచేత పెట్టెలోనికి చేరునవి పోబోవు ఊరి యెండకు తగిన వస్త్రములు గాక, సర్దువారి యొడలికి ఆ క్షణమున హితవని తోచినవే యగును. మా యింట అవ్వ ఉన్ని శాలువ మడిచి తెచ్చి, "దావలో చలి పెట్టిందంటే ఏంజేస్తారప్పా, ఇదొకటి పెట్టుకోండి" అనెడిది. మనుమలు నవ్వెడివారు, అమ్మ మాత్రము మారు పలుకక దానిని పెట్టె యడుగున వేసెడిది.

మా సీమలో చిక్కబళ్ళాపురము సముద్రమట్టమునకు సుమారు 915 మీటర్లు, చింతామణి 860, బాగేపల్లి 700 మీటర్ల యెత్తున నున్నవి. వేయి మీటర్లు దిగినచో వేడిమి సగటున ఆరున్నర డిగ్రీలు పెరుగును. చింతామణినుండి మదనపల్లె, పీలేరు దాటి, భాకరాపేట ఘాటు దిగి, 160 మీటర్ల యెత్తుననున్న తిరుపతి చేరుసరికి, కేవలము ఎత్తు తగ్గుటచేతనే నాలుగున్నర డిగ్రీల భేదము కలుగును. దానికి తూర్పు సముద్రపు తేమ తోడగును. నా మట్టుకు నాకు ఎండకన్న ఈ తేమయే వైరి. ఘాటు దిగగానే చొక్కా వీపునకును, వీపు బస్సు సీటునకును అంటుకొనిపోవుటతో దాని యునికి తెలియును.

చెమట పట్టినంతమాత్రమున దేహము చల్లబడదు. పట్టిన చెమట ఆవిరి కావలయును. లీటరు చెమట ఒడలిపై ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిమిని కొనిపోవును. బొట్లుగా జారి నేల తడిపిన చెమట వలన ప్రయోజనము లేదు. గాలిలో తేమ హెచ్చినకొలది ఈ ఆవిరి పని మందగించును. కనుక వస్త్రమునకు రెండు విధులు: చెమటను పీల్చుట, గాలిని రానిచ్చుట. సాధారణ వాతావరణమున నూలు తన బరువులో నూటికి ఎనిమిదిన్నర పాళ్ళ తేమను, పట్టు పదునొకండు పాళ్ళను ఇముడ్చుకొనగా, పాలియెస్టరు అరపాలైనను పట్టజాలదు.

ఈ లెక్క చూచి, శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టును ఎరిగినవారు, చంద్రికలనెడి వెదురు తట్టలపై పురుగు గూడు అల్లుటను చూచుచు పెరిగినవారు, పట్టే ఉత్తమమని పొంగిపోవచ్చును. కాని పోగు గుణము వేరు, నేత గుణము వేరు. దట్టముగా నేసి, జరీ అంచు దిగవేసి, కుచ్చిళ్ళుగా మడిచి కట్టిన పట్టుచీరలో గాలికి దారి యెక్కడిది? పరీక్ష సులభము: బట్టను పెదవులకు ఆనించి ఊదుడు, అవతల పెట్టిన అరచేతికి ఊపిరి తగిలినచో అది ఎండకు పనికివచ్చును. చిక్కని గంజి పెట్టిన పంచెయు ఈ పరీక్షలో తప్పిపోవును, పోగుల నడిమి సందులను గంజి పూడ్చివేయును గనుక.

పొడియెండల దేశములలో సంగతి వేరు. ఎడారివాసులైన బెదూయిన్లు నల్లని వదులు అంగీలు ఏల ధరింతురని 1980లో శాస్త్రజ్ఞులు పరీక్షించి, నలుపు గ్రహించిన అధికోష్ణము చర్మమును చేరకమునుపే పోవుచున్నదనియు, లోపలి వేడిమిలో తెల్లయంగీకిని దీనికిని భేదము లేదనియు నిర్ణయించిరి. చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో జనించిన ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారు 1906లో నీటి సరఫరా పరిశీలనకై అరేబియాలోని ఏడెన్ రేవునకు పంపబడిరి. ఆయన చిత్రములలో కోటు, టై, మైసూరు తలపాగాలే కనబడును. ఆ మండుటెండలో ఆయన పెట్టెలో ఏమున్నదో చూడవలెనని నాకొక కుతూహలము.

తిరుపతికి మాత్రము పలుచని నేత చొక్కాలు, వాయిలు చీరలు, ఒక్కరాత్రిలో ఆరిపోవు తువాళ్ళు చాలును. ఉతికి దండెముపై వేసిన నూలుబట్ట తెల్లవారుసరికి ఆరకపోయినచో అది మరీ మందమని గ్రహింపవలెను. తిరుమల కల్యాణోత్సవమునకు సంప్రదాయ వస్త్రములు తప్పనిసరి గనుక, పురుషుల పంచె, ఉత్తరీయములను విడిగా చుట్టి పెట్టుట మేలు. పట్టుచీరను బీరువాలోని కలరా ఉండల వాసన పోవునట్లు ముందునాడే నీడన ఆరవేసి, పాత మల్లుగుడ్డలో చుట్టవలెను. దానికి తగిన చోటు కొండపైనే కలదు: తిరుమల సుమారు 850 మీటర్ల యెత్తు, అనగా చింతామణి యెత్తే. అచ్చట వేకువ దర్శనమునకు లేచిన పిల్లలు చలికి ముడుచుకొనగా, అమ్మ దీపము వేసి పెట్టె యడుగునుండి శాలువను లాగెడిది. ఆ లాగుటలో, అంత శ్రద్ధతో సర్దిన మడతలన్నియు చెదరి గదినిండ పరచుకొనెడివి.